ఎవరి మీద గెలిచారని అడిగేవాళ్లకి: ఇండియానా 2024 సీజన్ గురించి

ఇండియానా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు 2025 సీజన్‌లో ఒక్క ఆట కూడా ఓడకుండా 16-0తో నేషనల్ ఛాంపియన్ అయ్యాక అందరూ మా వాళ్ల గురించి మంచిగానే మాట్లాడుతున్నారు. సంతోషమే. కానీ ఆ పొగడ్తల మధ్యలో తరచూ ఒక మాట దొర్లుతోంది. "అంతకు ముందు ఏడాది జట్టుదేముంది, సులువైన షెడ్యూల్, చిన్నాచితకా జట్ల మీద గెలిచారు, పెద్ద జట్టు ఎదురుపడగానే తేలిపోయారు" అని. టీవీలో అంటున్నారు, ఆఫీసులో అంటున్నారు, ఒహాయో స్టేట్ జట్టు ఊరైన కొలంబస్‌లో ఉండే మా బావ అయితే ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నాడు. నాకు ఇది మింగుడుపడటం లేదు. నా దృష్టిలో ఆ రెండు సీజన్లలో కష్టమైనది మొదటిదే, అంటే కొత్త హెడ్ కోచ్ కర్ట్ సిగ్నెట్టి వచ్చిన 2024 సీజన్. ఎందుకు అంటున్నానో కాస్త వివరంగానే చెప్తాను.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు, భుజాల మీద ప్యాడ్లు పెట్టుకుని కోలగా ఉండే బంతితో ఆడేది. పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు (డౌన్‌లు) ఉంటాయి, వెళ్లలేకపోతే బంతి అవతలి వాళ్లది. కాలేజీ ఆటే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, లక్షమంది పట్టే స్టేడియాలు శనివారం వస్తే నిండిపోతాయి, పెద్ద జట్ల కోచ్‌ల జీతం ఏడాదికి లక్షల డాలర్లలో ఉంటుంది. ఇండియానా ఆడేది బిగ్ టెన్ అనే లీగ్‌లో. పేరుకి టెన్, 2024 నుంచి అందులో 18 జట్లు.

అమెరికా వచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఈ యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్ అంటే కెల్లీ బిజినెస్ స్కూలో, డేటా సైన్స్ మాస్టర్సో. ఊళ్లో వాళ్లకి మాత్రం బాస్కెట్‌బాల్. ఆ ఆటలో ఐదు జాతీయ టైటిళ్లు ఉన్నాయి, చివరిది 1987లో బాబ్ నైట్ కోచ్‌గా ఉన్నప్పుడు గెలిచారు. ఫుట్‌బాల్ అంటే నవంబర్‌లో బాస్కెట్‌బాల్ మొదలయ్యేదాకా కాలక్షేపం, అంతే. 2023 దాకా వందేళ్లకు పైగా ఆడుతూ ఒక్క సీజన్‌లో కూడా పది ఆటలు గెలవలేదు. 1945లో తొమ్మిది, 1967లో తొమ్మిది, అవే గొప్ప సంవత్సరాలు. సీజన్ చివర ఆడే బౌల్ గేమ్ ఒకటి గెలిచింది ఎప్పుడంటే 1991లో, బేలర్ మీద. ఆ తర్వాత అప్పటిదాకా మళ్లీ లేదు. సిగ్నెట్టి వచ్చేనాటికి పై స్థాయి కాలేజీ జట్లన్నింటిలో ఎక్కువ ఓటములు, ఏడు వందల పైచిలుకు, ఇండియానా ఖాతాలోనే ఉన్నాయి.

మేం ఇండియానాపొలిస్ పక్కన ఉంటాం కాబట్టి బ్లూమింగ్టన్ గంటన్నర లోపు దూరం. ఆ రోజుల్లో ఆటకి వెళ్తే కనిపించే దృశ్యం ఒకటే. స్టేడియం బయట పార్కింగ్ మైదానంలో గ్రిల్లులు, కుర్చీలు, పాటలు, విద్యార్థుల కోలాహలం. లోపల మాత్రం బెంచీల మీద మనకి కావాల్సినంత చోటు. సగం ఆట అయ్యేసరికి లోపలికి వచ్చినవాళ్లు కూడా మళ్లీ ఆ పార్కింగ్‌లోకే. వాళ్లని తప్పుపట్టను. ఓటమి అలవాటైపోయిన చోట జనం తమ సంతోషాన్ని ఇంకోచోట వెతుక్కుంటారు.

పాత కోచ్ టామ్ అలెన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. 2020లో, కోవిడ్ ఏడాదిలో, ఆయన జట్టు 6-2 (ఆరు గెలుపులు, రెండు ఓటములు) చేసింది, పెన్ స్టేట్ మీద ఓవర్‌టైమ్‌లో 36-35తో గెలిచింది. ఆ రాత్రి మా వీధిలో అరుపులు వినిపించాయి, ఫుట్‌బాల్ కోసం ఈ రాష్ట్రంలో జనం అరుస్తారని నాకు అప్పుడే తెలిసింది. మంచి మనిషి, ఆటగాళ్లని ప్రేమగా చూసుకున్నాడు. కానీ తర్వాత మూడేళ్లు 2-10, 4-8, 3-9. 2023 నవంబర్‌లో ఆయన్ని తీసేసినప్పుడు ఒప్పందం ప్రకారం కోటిన్నర డాలర్లకు పైగా ఇచ్చి పంపాల్సి వచ్చింది. అంత డబ్బు పోసి, ఆ వారంలోనే తెచ్చింది ఎవరిని? అప్పటిదాకా పెద్ద లీగ్‌లో ఒక్క జట్టుకి కూడా హెడ్ కోచ్‌గా పని చేయని 62 ఏళ్ల మనిషిని.

ఇక్కడే చాలామంది కథని తప్పుగా చెప్తారని నా ఫిర్యాదు. ఎక్కడి నుంచో ఊడిపడి మంత్రం వేశాడన్నట్టు చెప్తారు. సిగ్నెట్టి ఏమీ ఊడిపడలేదు. తండ్రి ఫ్రాంక్ సిగ్నెట్టి పేరున్న కాలేజీ కోచ్. కొడుకు 2007 నుంచి అలబామాలో నిక్ సేబన్ దగ్గర అసిస్టెంట్, కొత్త ఆటగాళ్లని వెతికి తెచ్చే పని కూడా ఆయనదే. అక్కడే ఉంటే సుఖంగా గడిచిపోయేది. దేశంలో నంబర్ వన్ జట్టు, మంచి జీతం, పక్కన టైటిల్ ఉంగరం. అవన్నీ వదులుకుని, తక్కువ జీతానికి, పెన్సిల్వేనియాలో తండ్రి కోచ్‌గా చేసిన చిన్న కాలేజీకి, రెండో డివిజన్ జట్టుకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. యాభై ఏళ్ల దగ్గర పడ్డ మనిషి తీసుకున్న నిర్ణయం అది. (ఆ కాలేజీ ఉన్న ఊరి పేరు కూడా ఇండియానాయే, విచిత్రం.) అక్కడ ఆరేళ్లు, తర్వాత ఈలాన్‌లో రెండేళ్లు, తర్వాత జేమ్స్ మాడిసన్‌లో ఐదేళ్లు. జేమ్స్ మాడిసన్‌లో ఆయన లెక్క 52 గెలుపులు, 9 ఓటములు. హెడ్ కోచ్‌గా ఒక్క సీజన్ కూడా గెలుపుల కంటే ఓటములు ఎక్కువగా లేవు.

అలాంటి మనిషి 2023 డిసెంబర్‌లో విలేకరులతో, "నేను గెలుస్తాను. గూగుల్ చేసుకోండి" అన్నాడు. పొగరు అన్నారు. నాకైతే అందులో పొగరు కనిపించలేదు. పదమూడేళ్లు ఎవరూ చూడని ఊళ్లలో అదే పని చేసి, అదే ఫలితం తెచ్చి, చివరికి ఎవరో అడిగితే నా రికార్డు చూసుకోండి అన్నాడు. చూడాల్సిన పని అడిగినవాళ్లది. ఎంతమంది చూశారో తెలీదు కానీ, సీజన్ ముందు విలేకరుల పోల్‌లో బిగ్ టెన్‌లోని 18 జట్లలో ఇండియానాని 17వ స్థానంలో పెట్టారు.

ఇక ఆటగాళ్ల సంగతి. "పోర్టల్‌లో డబ్బు పెట్టి కొనుక్కున్నారు" అనేది రెండో ఆరోపణ. ఇప్పుడు కాలేజీ ఆటగాళ్లు ఆ పోర్టల్‌లో పేరు పెట్టుకుని ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి సులువుగా మారొచ్చు, తమ పేరు మీద డబ్బు కూడా సంపాదించుకోవచ్చు. సిగ్నెట్టి దాదాపు ముప్పై మందిని అలా తెచ్చాడు. నిజమే. కానీ ఎవరిని తెచ్చాడో చూడండి. అందులో 13 మంది జేమ్స్ మాడిసన్ నుంచి తన వెంట వచ్చినవాళ్లే. పద్దెనిమిదేళ్ల వయసులో ఏ పెద్ద యూనివర్సిటీ వెంటపడని పిల్లలు. ఎలైజా సరాట్ మొదట ఆడింది సెయింట్ ఫ్రాన్సిస్ అనే ఇంకా చిన్న కాలేజీకి, అక్కడి నుంచి జేమ్స్ మాడిసన్‌కి, అక్కడి నుంచి బ్లూమింగ్టన్‌కి. డి'ఆంజెలో పాండ్స్ ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, ఆ ఎత్తుకి బిగ్ టెన్‌లో కార్నర్‌బ్యాక్‌గా, అంటే అవతలి వాళ్ల పాస్‌లు అడ్డుకునే ఆటగాడిగా, ఎవరు తీసుకుంటారు? మికైల్ కమారా ఆ ఏడాది పది శాక్‌లు చేశాడు, అంటే బంతి విసరబోయే ఆటగాడిని పడేయడం. ఏడెన్ ఫిషర్ జట్టులో అందరికంటే ఎక్కువ ట్యాకిల్స్ (బంతి ఉన్నవాడిని పడగొట్టడం) చేశాడు. డబ్బుతో కొనాలంటే వీళ్లకంటే ముందు కొనాల్సిన పేర్లు వందల్లో ఉన్నాయి, ఆ పేర్లన్నీ పెద్ద జట్లు కొనుక్కున్నాయి కూడా.

ఆయన పద్ధతి ఒకటే, ముందు ముందు ఏం చేయగలడు అని ఊహించడం మానేసి, ఇప్పటిదాకా మైదానంలో ఏం చేశాడో చూడటం. ఐటీలో ఉన్న మనకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. పెద్ద కాలేజీ సర్టిఫికెట్ చూసి తీసుకున్న కుర్రాడికీ, చిన్న కంపెనీలో నాలుగేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్ చేసి అర్ధరాత్రి కాల్స్ ఎత్తినవాడికీ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పని మొదలైన మొదటి వారంలోనే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఇందులో జేమ్స్ మాడిసన్‌కి జరిగింది అన్యాయమే. కోచ్ పోయాడు, మంచి ఆటగాళ్లు పదమూడు మంది పోయారు. ఇండియానా అభిమానిగా లాభపడ్డా, ఈ వ్యవస్థ మంచిదని మాత్రం నేను అనలేను. చిన్న కాలేజీ మూడేళ్లు పెంచి పెద్ద చేసిన కుర్రాడిని పెద్ద కాలేజీ ఒక్క వేసవిలో ఎగరేసుకుపోతుంది. ఆ జట్టు కూలిపోకుండా ఆ ఏడాది తొమ్మిది ఆటలు గెలిచిందంటే అక్కడి వాళ్ల గొప్పతనం.

సీజన్ మొదలైంది. మొదటి రెండు వారాలూ ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోనవసరం కూడా లేదు, వెస్టర్న్ ఇల్లినాయి మీద 77-3 అంటే అది ఆట కాదు. మూడో వారం లాస్ ఏంజెలెస్ వెళ్లి యూసీఎల్ఏని 42-13తో కొట్టినప్పుడు నేను సర్దుకుని కూర్చున్నాను. గెలుపు కంటే ఆ ఆట తీరు నన్ను పట్టేసింది. ఫాల్స్ స్టార్ట్‌లు (సమయానికి ముందే కదిలిపోవడం) లేవు, బంతి జారవిడుచుకోవడాలు లేవు, మూడో డౌన్ వస్తే టెన్షన్ లేదు. పాత ఇండియానా జట్టు ఆటలో కనీసం ఐదారుసార్లు మనం తల పట్టుకునేలా చేసేది. ఈ జట్టు ఆడుతుంటే చేతులు ఊరికే ఉన్నాయి.

అక్టోబర్ 19న నెబ్రాస్కా మీద 56-7. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) కర్టిస్ రూర్క్ చేతి బొటనవేలు దెబ్బతింది, ఆపరేషన్ అయింది. తర్వాతి వారం ఈఎస్‌పీఎన్ టీవీ వాళ్ల గేమ్‌డే కార్యక్రమం, పెద్ద ఆట ఉన్న ఊరికి వెళ్లేది, బ్లూమింగ్టన్‌కి వచ్చింది, ఆ రోజే అతను లేడు. టేవెన్ జాక్సన్ ఆడాడు, వాషింగ్టన్ మీద 31-17తో గెలిచారు. ఆ పై వారం మిషిగన్ స్టేట్‌లో మొదటి క్వార్టర్‌లో 10-0తో వెనకబడ్డారు. సీజన్ మొత్తంలో అప్పటిదాకా ఒక్క క్షణం కూడా వెనకబడలేదు, అది తొమ్మిదో ఆట! ఇప్పుడు బయటపడుతుంది అసలు రంగు అనుకున్నారు జనం. ఆ తర్వాత వరసగా 47 పాయింట్లు ఇండియానావే, 47-10.

నవంబర్ 9, మిషిగన్. అంతకు ముందు ఏడాది నేషనల్ ఛాంపియన్లు వాళ్లు, ఆ ఏడాది కాస్త బలహీనపడ్డా పేరు పేరే. సగం ఆటకి 17-3. రెండో సగంలో మన అఫెన్స్ (బంతితో ముందుకెళ్లేవాళ్లు) దాదాపు ఆగిపోయింది, రూర్క్‌కి నిలబడే సమయమే దొరకలేదు. డిఫెన్స్ (అడ్డుకునేవాళ్లు) ఒక్కటే లాక్కొచ్చింది, 20-15. పది ఆటలు, పది గెలుపులు, ఆ యూనివర్సిటీ చరిత్రలో మొదటిసారి. నేను ఆ రోజు గ్యాలరీలో చూసింది ఏంటంటే, ఆట అయిపోయాక ఎవరూ పార్కింగ్ వైపు కదల్లేదు. నా ముందు వరసలో పెద్దాయన ఒకరు, డెబ్బై దాటి ఉంటారు, చేతిలో ముడతలు పడ్డ ఎర్ర టోపీ, దాన్ని పెట్టుకోకుండా తిప్పుతూ స్కోర్‌బోర్డు వంక చూస్తూ నిలబడ్డారు. భార్య భుజం తట్టి పదండి అంటోంది, "ఇంకొక్క నిమిషం" అంటున్నారు. 1967 జట్టు రోజ్ బౌల్‌కి వెళ్లినప్పుడు ఆయన వయసు ఎంత ఉండేదో నేను మనసులో లెక్కేసుకున్నాను.

ఆ తర్వాతే ఒహాయో స్టేట్. 38-15. మా బావ ఆ రోజు ఆ స్టేడియంలోనే ఉన్నాడు, సాయంత్రం ఫోన్‌లో, "ఏం బావా, పదికి పది అన్నావు, ఎవరి మీద గెలిచారో ఇప్పుడు చెప్పు" అన్నాడు. నేను కూడా ఆ ఆట మొత్తం చూశాను కాబట్టి చెప్తున్నాను. మొదటి టచ్‌డౌన్ (బంతిని అవతలి వాళ్ల గోల్ లైన్ దాటించడం) ఇండియానాదే. సగం ఆట ముగియబోతుండగా స్కోరు 7-7. అప్పుడు మన పంటర్ (బంతిని దూరంగా తన్ని అవతలి వాళ్లకి వదిలేసేవాడు, ఆ తన్నే పంట్) చేతికి వచ్చిన బంతి జారిపోయింది, మన గోల్ లైన్ ముందే వాళ్లకి దొరికింది, టచ్‌డౌన్. రెండో సగం మొదట్లో వాళ్ల ఆటగాడు కేలెబ్ డౌన్స్ పంట్ అందుకుని 79 గజాలు పరిగెత్తి ఇంకోటి. రెండు పంట్లు, రెండు టచ్‌డౌన్లు. ఆ తర్వాత మాత్రం వాళ్ల లైన్ ముందు మన లైన్ నిలబడలేదు, ఆట మొత్తంలో మన అఫెన్స్ కదిలింది 151 గజాలు, రూర్క్‌ని ఐదుసార్లు పడేశారు. వాళ్లే మెరుగైన జట్టు, అందులో వాదన లేదు. కానీ మెరుగైన జట్టు చేతిలో ఓడిపోవడానికీ, అర్హత లేకపోవడానికీ చాలా దూరం ఉంది. తర్వాతి వారం పర్డ్యూ మీద 66-0.

నేషనల్ ఛాంపియన్‌ని తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్ అదే మొదటిసారి, అందులో మొట్టమొదటి ఆటే ఇండియానా, నోటర్ డేమ్. ఒకే రాష్ట్రంలోని రెండు జట్లు, సౌత్ బెండ్ చలిలో. మొదటి క్వార్టర్‌లోనే పాండ్స్ వాళ్ల పాస్ లాగేసుకున్నాడు, మనం వాళ్ల గోల్ దగ్గరి దాకా వెళ్లాం, అక్కడ రూర్క్ విసిరిన బంతి వాళ్ల చేతికి చిక్కింది. సరే, కనీసం వాళ్లు తమ గోల్ ముందు ఇరుక్కున్నారు కదా అని నేను నీళ్లు తాగడానికి గ్లాసు ఎత్తాను. వాళ్ల ఆటగాడు జెరెమియా లవ్ బంతి అందుకుని 98 గజాలు పరిగెత్తాడు. ఏడు పాయింట్లు మనవి కావాల్సిన చోట వాళ్లవి అయ్యాయి, అక్కడి నుంచి మళ్లీ కోలుకోలేదు. ఆ రాత్రి విషయంలో సిగ్నెట్టి మీద నాకూ కోపం ఉంది. నాలుగో క్వార్టర్‌లో 20-3తో వెనకబడి, మైదానం మధ్యలో ఉండి, నాలుగో డౌన్‌లో పంట్ కొట్టించాడు. పదిహేడు పాయింట్లు వెనక, దాదాపు పది నిమిషాలే మిగిలి ఉన్నాయి, ఇంకెప్పుడు తెగిస్తాం? చివర్లో రెండు టచ్‌డౌన్లు వచ్చాయి కానీ అప్పటికే ఆలస్యం.

మర్నాటి నుంచి గోల మొదలు. ప్లేఆఫ్‌లో అది అలబామాకి ఇవ్వాల్సిన చోటు అన్నారు. ఆ అలబామా ఆ ఏడాది వాండర్‌బిల్ట్ చేతిలో ఓడింది, ఓక్లహోమా చేతిలో 24-3తో ఓడింది. ఇండియానా తను గెలవాల్సిన ఒక్క ఆట కూడా ఓడలేదు. మొదటి రౌండ్‌లో ఓడిన నాలుగు జట్లనీ చూద్దాం. ఇండియానా పది పాయింట్ల తేడాతో ఓడింది. క్లెమ్సన్ పద్నాలుగు. టెనెసీ పాతిక. ఎస్ఎంయూ ఇరవై ఎనిమిది. అందరికంటే తక్కువ తేడా మనదే, ఎక్కువ తిట్లు కూడా మనకే. అంతకంటే ముఖ్యం, ఇండియానాని సీజన్‌లో ఓడించిన జట్లు రెండే రెండు, ఒహాయో స్టేట్, నోటర్ డేమ్. 2025 జనవరి 20న జరిగిన ఫైనల్‌లో ఆడింది ఎవరు? ఆ రెండు జట్లే. అంటే దేశంలోని అన్ని జట్లలోనూ చివరికి నిలబడ్డ ఇద్దరు తప్ప ఇండియానాని ఎవరూ ఓడించలేకపోయారు.

షెడ్యూల్ మాటకొస్తే, బయటి జట్లతో ఆడే మూడు ఆటలూ బలహీనమైనవే ఎంచుకున్నారు, అది యూనివర్సిటీ తప్పు, నేను దాన్ని సమర్థించను. మిగతా తొమ్మిదీ లీగ్ నిర్ణయించినవి. సీజన్ ముందు మనల్ని 17వ స్థానంలో పెట్టినప్పుడు ఎవరూ ఈ షెడ్యూల్ సులువు అనలేదు. మిషిగన్, వాషింగ్టన్, అంటే అంతకు ముందు జనవరిలో నేషనల్ ఫైనల్ ఆడిన రెండు జట్లూ అందులో ఉన్నాయి. మనం ఓడించాక అవి బలహీనమైన జట్లు అయిపోయాయి.

ఇప్పుడు 2025 సంగతి. కొత్త క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా వచ్చాడు, దేశంలో మేటి కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు, బిగ్ టెన్ ఫైనల్‌లో ఒహాయో స్టేట్‌ని 13-10తో, నేషనల్ ఫైనల్‌లో మయామీని 27-21తో ఓడించారు. మా బావ ఆ రోజు తనే ఫోన్ చేసి అభినందించాడు, పెద్ద మనసు. కానీ కాలిఫోర్నియాలో ఆడుతున్న మెండోజా బ్లూమింగ్టన్‌కి ఎందుకు వచ్చాడు? 2023లో 3-9 జట్టుకి వచ్చేవాడా? ఫిషర్, పాండ్స్, సరాట్, కమారా ఇంకో ఏడాది ఎందుకు ఉండిపోయారు? ఆ 2024 నవంబర్‌లోనే యూనివర్సిటీ సిగ్నెట్టికి ఏడాదికి ఎనభై లక్షల డాలర్ల ఒప్పందం ఎందుకు ఇచ్చింది? ఖాళీ బెంచీలున్న స్టేడియంలో, ఎవరూ నమ్మని ఊళ్లో, మొదటిసారి పదకొండు ఆటలు గెలిచి చూపించిన కుర్రాళ్ల వల్ల. రెండో ఏడాది జట్టు దగ్గర ఆ నమ్మకం ఉంది, మొదటి ఏడాది జట్టు దాన్ని సున్నా నుంచి తయారు చేసుకోవాల్సి వచ్చింది.

అందుకే నాకు రూర్క్ విషయంలో ఇంత పట్టింపు. కెనడా కుర్రాడు, ఒంటారియోలోని ఓక్‌విల్‌వాడు, ఒహాయో యూనివర్సిటీలో, మా బావ జట్టు ఒహాయో స్టేట్ కాదు, ఏథెన్స్‌లోని చిన్న జట్టులో ఏళ్లు గడిపి చివరి ఏడాది బ్లూమింగ్టన్ వచ్చాడు. 29 టచ్‌డౌన్ పాసులు, మూడు వేల గజాల పైన. బొటనవేలికి ఆపరేషన్ అయి ఒక్క ఆటే మానేశాడు. సీజన్ అయ్యాక 2025 జనవరిలో బయటపడింది, కుడి మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిపోయి ఉండగానే ఆ సీజన్ మొత్తం ఆడాడని. యూసీఎల్ఏ మీద, నెబ్రాస్కా మీద, మిషిగన్ డిఫెన్స్ మీదకి దూకుతుంటే, కొలంబస్‌లో ఐదుసార్లు నేలకి కొట్టినప్పుడు, సౌత్ బెండ్ చలిలో, అన్నీ ఆ మోకాలితోనే. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ వాళ్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు ఏడో రౌండ్‌లో శాన్ ఫ్రాన్సిస్కో తీసుకుంది. ఛాంపియన్‌షిప్ ఉంగరం అతనికి రాలేదు. ఇండియానా ఆడే మెమోరియల్ స్టేడియం ముందు ఎవరి విగ్రహం పెట్టాలని రేపు చర్చ వస్తే, అందరూ మెండోజా పేరు చెప్తారు, చెప్పనివ్వండి. నా ఓటు మాత్రం ముందు కర్టిస్ రూర్క్‌కి.